కాలెట్ మీద సిలువ గుర్తు

జక్కయ్యకు అనుమానం ఎక్కువని ఢిల్లీ బదర్‌పూర్ తెలుగువాళ్లలో తెలియనివాళ్లు లేరు. గ్యాస్ బండ తెచ్చినవాడిని గుమ్మంలోనే నిలబెట్టి, తన కాటా మీద తూచిగానీ లోపలికి రానివ్వడు. కూరగాయల భయ్యా పైనున్న టమాటాలు తీస్తే కిందవి వెయ్యమంటాడు, కిందవి తీస్తే పైవి వెయ్యమంటాడు. కూతురు అక్సా గురుగ్రామ్ ఆఫీసు క్యాబ్ ఎక్కితే బండి నంబరు క్యాలెండరు మీద రాసి పెడతాడు. ఆదివారం తెలుగు ఆరాధనకు వెళ్తే ఒక చెప్పు ఈ మూల, రెండో చెప్పు ఆ మూల విడుస్తాడు. జతగా ఉంటేనే గదా ఎవడైనా ఎత్తుకుపోయేది అని అతని తర్కం. భార్య సరళకుమారి ఇవన్నీ చూసి చూసి అలవాటు పడిపోయింది. ఈయన పరలోకానికి వెళ్లినా ముందు గేటు బందులు ఊపి చూసిగానీ లోపలికి పోరని చర్చి ఆడవాళ్ల దగ్గర చెప్పి నవ్వుతుంది.

నలుగురూ నవ్వినా, పనిలో మాత్రం ఆ అనుమానమే జక్కయ్యకు అన్నం పెట్టింది. ఫరీదాబాద్‌లో ఆహూజా సాబ్ షెడ్డులో అతను మెషిన్‌కు డ్రిల్లులు బిగించి సరిచూసే టూల్ సెట్టరు. వేళ్ల ఎముకలు విరిగినవాళ్లకు డాక్టర్లు లోపల బిగించే టైటానియం పట్టీలు ఆ షెడ్డులో తయారవుతాయి. ఒక్కో పట్టీ అగ్గిపుల్లంత పొడవుంటుంది. దానికి ఆరు చిల్లులు, ఒక్కో చిల్లు ఒక్క మిల్లీమీటరు. ఆ చిల్లు పొడిచే డ్రిల్లుకు వంగడం తెలియదు, విరగడం ఒక్కటే తెలుసు. విరిగిందంటే ముక్క చిల్లులోనే ఇరుక్కుపోయి పట్టీ కూడా దండగ.

డ్రిల్లు తన నడిమి గీత మీదే తాను తిరగాలి. అలా కాకుండా పిసరంత పక్కకు జరిగి తిరిగితే దాన్ని రనౌట్ అంటారు. లావుపాటి డ్రిల్లు ఆ పిసరును ఓర్చుకుంటుంది. ఈ సన్నవాటికి మాత్రం తలవెంట్రుక మందంలో మూడో వంతు చాలు, ప్రాణం తీయడానికి. అందుకని జక్కయ్య దేన్నీ నమ్మడు. డ్రిల్లును పట్టుకునే కాలెట్ అని ఒకటుంటుంది. బొటనవేలంత ఉక్కు గొట్టం, బయటివైపు ఏటవాలుగా, నిలువునా చీలికలతో ఉంటుంది. అది మెషిన్‌కు తగిలించే హోల్డర్ గూట్లో కూర్చుని, నట్టు బిగించేకొద్దీ మూసుకుని డ్రిల్లును పట్టేస్తుంది. జక్కయ్య ముందు ఆ గూడు తుడుస్తాడు, వేలితో తడిమి చూసి మళ్లీ తుడుస్తాడు. కాలెట్ తుడుస్తాడు, డ్రిల్లు కాడ తుడుస్తాడు, తుడిచిన గుడ్డ శుభ్రంగా ఉందో లేదో వెలుతురులో పట్టి చూస్తాడు. అన్నీ బిగించాక, గడియారంలా ముల్లు తిరిగే డయల్ గేజ్ కొనను డ్రిల్లు కాడకు ఆనించి చేత్తో మెల్లగా తిప్పుతాడు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, ముల్లు ఐదు మైక్రాన్ల లోపు ఊగితేనే మెషిన్ తలుపు మూస్తాడు. ఆ డయల్ గేజ్‌ను షెడ్డులో వదిలి వెళ్లడు. ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, క్యారియర్ పై గిన్నెలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోతాడు.

ఇంత అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. రేపల్లె దగ్గర పుట్టి, తెనాలిలో ఐటీఐ చదివి, భార్యకు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట ఢిల్లీ వచ్చినప్పుడు అతను అందరినీ నమ్మేవాడే. ఓఖ్లాలో మొదటి పని. చేరిన ఏడాదికి అక్కడ మందం కొలిచే ఖరీదైన పరికరం, ఒక మైక్రోమీటరు కనబడలేదు. కొత్తవాడు, హిందీ సరిగా రానివాడు జక్కయ్య ఒక్కడే. గేటు దగ్గర అందరి ముందూ అతని క్యారియర్ విప్పించారు, అన్నంలో చెయ్యి పెట్టి కెలికి చూశారు. ఏమీ దొరకలేదు. దొరక్కపోయినా మర్నాటినుంచి రావద్దన్నారు. వారం తర్వాత ఆ మైక్రోమీటరు యజమాని బల్ల సొరుగులోనే దొరికిందని తెలిసింది. జక్కయ్యను మాత్రం ఎవరూ పిలవలేదు. ఆ రోజు గేటు దగ్గర కెలికిన అన్నం ఇప్పటికీ అతని కళ్లముందు కదులుతుంది.

అప్పుడు అతన్ని ఆదుకున్నవాడు నథానియేలు. చర్చిలో పరిచయం, చీరాల మనిషి, జక్కయ్యకంటే నాలుగేళ్లు పెద్ద. ఆహూజా షెడ్డులో అప్పటికే సెట్టరు. దొంగతనం నింద పడ్డవాణ్ణి ఎలా తీసుకోమంటావని ఆహూజా అడిగితే, నా మాట మీద తీసుకోండి సాబ్ అన్నాడట. అంతే, ఇంకేం చెప్పలేదట. అప్పటినుంచి జక్కయ్యకు అతను నథానియేలన్న. ఇరవై మూడేళ్లుగా జక్కయ్యది పొద్దున షిఫ్టు, నథానియేలుది మధ్యాహ్నం రెండింటి షిఫ్టు. షిఫ్టు మారే వేళ ఇద్దరూ గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని టీ తాగేవాళ్లు. ఏ డ్రిల్లు ఎన్ని చిల్లులు పొడిచింది, డయల్ ఎంత చూపింది, ఏది అరిగింది, అంతా ఆ టీ గ్లాసుల దగ్గరే ఒకరి నుంచి ఇంకొకరికి చేరేది.

నథానియేలు మనిషి వేరు. అతని పనిముట్ల పెట్టెకు తాళం ఉండేది కాదు. మూత కూడా సగం తెరిచే ఉండేది. తాళం వెయ్యమని జక్కయ్య ఎన్నిసార్లు చెప్పినా, ఎవరికైనా అవసరమైతే పాపం ఎక్కడ వెతుక్కుంటారురా అనేవాడు. కాలెట్లు మాత్రం ఇద్దరికీ ఒకటే సొరుగు.

ఈ ఏడు ఎండలు ముదరకముందు కొత్త పార్టీ ఒకటి వచ్చింది. ముందు ఐదు వందల పట్టీలు చేసి చూపించండి, నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తామంది. పని మొదలైన మొదటి వారంలోనే జక్కయ్య షిఫ్టులో డ్రిల్లులు విరిగాయి. ఒక్కరోజు మూడు. డయల్ నాలుగే చూపిస్తోంది, తుడవాల్సిందల్లా తుడిచాడు, అయినా విరిగాయి. ఇరవై మూడేళ్లలో ఒక్కరోజు మూడు విరగడం అతను ఎరగడు. నథానియేలు షిఫ్టులో ఎన్ని విరిగాయో అడగొచ్చు. అడగలేదు. అడిగితే నిజం చెబుతాడని నమ్మకమేమిటి అనిపించింది. అలా అనిపించడం అదే మొదటిసారి.

ఒకసారి అనిపించాక ఇక ఆగలేదు. సొరుగులో కాలెట్లు తను పెట్టిన వరసలో లేవనిపించింది. మంచివి అతను తీసుకుని అరిగినవి తనకు వదులుతున్నాడేమో అనిపించింది. పదేళ్ల కిందట నథానియేలు తన కూతురు పెళ్లికి జక్కయ్య రాలేదని నిష్ఠూరంగా అన్నమాట గుర్తొచ్చింది. ఆహూజా ఈమధ్య అతని భుజం మీద చెయ్యేసి మాట్లాడటం గుర్తొచ్చింది. వీటికీ డ్రిల్లులకూ సంబంధం ఏమిటంటే జక్కయ్య చెప్పలేడు. కానీ రాత్రి కూటికి కూర్చుంటే కూర రుచి తెలియడం లేదు.

అప్పుడు ఒక ఉపాయం చేశాడు. పనైపోయిన పట్టీల మీద నంబర్లు చెక్కే కరెంటు పెన్ను ఉంటుంది షెడ్డులో. ఒక మధ్యాహ్నం ఎవరూ చూడకుండా సొరుగులోని కాలెట్లన్నిటి మీదా దానితో చిన్న సిలువ గుర్తు చెక్కాడు. నువ్వుగింజంత గుర్తు. పై ముఖం మీద చెక్కితే కనబడిపోతుందని, గూట్లో దాగిపోయే ఏటవాలు మీద చెక్కాడు. ఇక ఏది తనదో, ఏది మార్చిందో తేలిపోతుంది.

తేలలేదు. వారం గడిచినా కాలెట్లన్నీ సిలువలతో సహా సొరుగులోనే ఉన్నాయి, ఒక్కటీ మారలేదు. ఇంకొకరైతే అమ్మయ్య అనుకుని ఊరుకునేవాళ్లు. జక్కయ్యకు అది మరీ అనుమానమైంది. ఎందుకంటే డ్రిల్లులు మునుపటికంటే ఎక్కువ విరుగుతున్నాయి. ఇప్పుడు డయల్ పెడితే ముల్లు ఇరవై దాకా ఊగుతోంది, వేరే కాలెట్లు లేక, గడువు తరుముతుంటే వాటితోనే నడుపుతున్నాడు. నాలుగు చూపిన కాలెట్లు ఇరవైకి ఎలా పోయాయి? మార్చడం లేదంటే పాడుచేసి మళ్లీ పెట్టేస్తున్నాడన్నమాట. షిఫ్టు పుస్తకం తిరగేశాడు. నథానియేలు షిఫ్టులో ఆ వారమంతా ఒక్కటీ విరగలేదు. విరిగినవన్నీ తన షిఫ్టులోనే. ఇంతకంటే ఏం కావాలి?

రెండింటి టీకి వెళ్లడం మానేశాడు. కడుపులో మంటగా ఉందని చెప్పాడు. మొదటి రెండు రోజులు నథానియేలు అతని గ్లాసు కూడా చెప్పి కాసేపు చూశాడు. తర్వాత చెప్పడం మానేశాడు. చర్చిలో ప్రతి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మనసులో ఒకరి మీద కక్ష పెట్టుకుని ఆ రొట్టె తీసుకోకూడదని జక్కయ్యకు చిన్నప్పటినుంచీ భయం. అందుకని ఆ ఆదివారం వెనక వరసలోనే కూర్చుండిపోయాడు. నథానియేలు మాత్రం ముందుకెళ్లి తీసుకున్నాడు. ఎంత గుండె ధైర్యం చూడు అనుకున్నాడు జక్కయ్య.

సరళకుమారి ఇంటికొచ్చాక అడిగింది. ఆమెది ఎముకల వార్డు. ఏ రోగి చెప్పిందీ ఎక్స్‌రే చూడకుండా ఒప్పుకునే రకం కాదు. జక్కయ్య సంగతంతా చెబితే అన్నం వడ్డించే గరిటె పట్టుకుని అలాగే విన్నది.

"నథానియేలు బావగారు పాడుచేయటం మీరు చూశారా, అనుకుంటన్నారా?" అంది.

"చూడాలా? ఆయన షిఫ్టులో విరగవు, నా షిఫ్టులో విరుగుతయ్యి. ఇంక చూసేదేంది?"

"మీ అన్నంలో చెయ్యి పెట్టినోళ్లు గూడా ఇట్టాగే అన్నారు గదండీ."

జక్కయ్య కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆ మాట అతనికి తగలాల్సిన చోటే తగిలింది. తగిలినా దాన్ని తోసేశాడు. తను దొంగ కాదు గనక తన సంగతి వేరు అని సర్దిచెప్పుకున్నాడు.

పట్టీలు శనివారానికి అందించాలి. మంగళవారానికి రెండు వందలు కూడా కాలేదు. ఆహూజా పిలిచి ఏమైందని అడిగితే, జక్కయ్య మొత్తం చెప్పేశాడు. చెప్పేటప్పుడు నథానియేలన్న అనలేదు, వో ఆద్మీ, ఆ మనిషి అన్నాడు. ఆహూజా కాసేపు గడ్డం గోక్కున్నాడు. బుధవారం రెండింటికి నథానియేలును గదిలోకి పిలిచి, శనివారం దాకా ఇంట్లోనే ఉండు, ఈలోగా డ్రిల్లులు విరగడం ఆగిపోతే ఇక రానక్కర్లేదు అన్నాడు. యాభై ఎనిమిదేళ్లవాడు. ఈ వయసులో ఫరీదాబాద్‌లో ఇంకో షెడ్డు ఏదీ తీసుకోదు. అది గదిలో ఉన్న ఇద్దరికీ, బయట ఉన్న జక్కయ్యకూ తెలుసు.

నథానియేలు బయటికొచ్చి జక్కయ్య మెషిన్ దగ్గర ఆగాడు.

"జక్కయ్యా, నువ్వే చెప్పావా?"

జక్కయ్య మెషిన్ అద్దంలోకి చూస్తూ నిలబడ్డాడు. నథానియేలు క్యారియర్ తీసుకుని వెళ్లిపోయాడు. పెట్టె మూత ఎప్పట్లాగే సగం తెరిచి ఉంది.

అతను గేటు దాటీ దాటకముందే జక్కయ్య ఆ పెట్టె దగ్గరున్నాడు. అడుగున ఒక గుడ్డ మడత కింద, నూనె కాగితంలో చుట్టిన మూడు కాలెట్లు దొరికాయి. పాతవి, నలుపెక్కినవి, సిలువ గుర్తు లేనివి. వాటిని చూడగానే జక్కయ్యకు ఊపిరి తేలికైంది. ఇదిగో రుజువు. తన కోసం మంచివి దాచుకుని, సొరుగులోవి పాడుచేశాడు. వాటిని మళ్లీ కాగితంలో చుట్టి యథాస్థానంలో పెట్టాడు. ముట్టుకున్నట్టు తెలియకూడదని పైన గుడ్డ కూడా మడిచి సర్దాడు.

గురువారం రెండు షిఫ్టులూ జక్కయ్యే సెట్టింగు చూసుకున్నాడు. దొంగ పోయాడు గనక ఇక విరగకూడదు. మధ్యాహ్నంలోపు మూడు విరిగాయి.

పోయేముందు పాడుచేసి పోయాడులే అనుకున్నాడు. సాయంత్రం పని ఆపేసి, మెట్రో ఎక్కి కశ్మీరీ గేట్ వెళ్లి, దుకాణంలో రెండు కొత్త కాలెట్లు కొన్నాడు. సీలు తనే చూశాడు, ప్లాస్టిక్ డబ్బా తన చొక్కా జేబులో పెట్టుకుని పైన చెయ్యి పెట్టుకుని మరీ వచ్చాడు. శుక్రవారం పొద్దున ఒక సీలు తీశాడు, అలవాటు ప్రకారం సిలువ చెక్కాడు, తుడిచాడు, బిగించాడు. డయల్ పంతొమ్మిది చూపింది. నమ్మలేక మెషిన్ వేశాడు. నాలుగో చిల్లుకు డ్రిల్లు విరిగింది.

ఇప్పుడు అనుమానం దుకాణంవాడి మీదకు పోయింది. నకిలీ సరుకు అంటగట్టాడు. సరే, ఈసారి రుజువుతో వెళ్లి వాణ్ణి నిలదీద్దామని, రెండో డబ్బా తెరిచి, గుర్తు పెట్టకముందే బిగించి డయల్ పెట్టాడు. ముల్లు మూడు దగ్గర ఆగింది. మళ్లీ తిప్పాడు. మూడే. అంటే ఇది అసలుదే, మొదటిది ఒక్కటే నకిలీ అనుకుంటూ, మంచిది గనక ఎవరూ కాజేయకూడదని కాలెట్ తీసి సిలువ చెక్కాడు. తుడిచి మళ్లీ బిగించాడు. డయల్ ఆనించి తిప్పాడు.

ఇరవై రెండు.

జక్కయ్య చెయ్యి హోల్డర్ మీదే ఆగిపోయింది. ఈ కాలెట్‌ను దుకాణంలో సీలు వేశాక ముట్టుకున్నవాడు తనొక్కడే. మూడుకూ ఇరవై రెండుకూ మధ్య జరిగిందల్లా ఒక్కటే.

అయినా అనుమానం తీర్చుకోవడం అతని వృత్తి. సెట్టర్లు చేసే పరీక్ష ఒకటుంది. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు ఒక్కొక్కటే తిప్పి చూడాలి. ముల్లు ఎక్కువ లేచేచోట పెన్నుతో చుక్క పెట్టి, కాలెట్‌ను గూట్లో అర చుట్టు తిప్పి మళ్లీ బిగించాలి. ఆ ఎత్తు కదలకపోతే తప్పు హోల్డర్‌ది. కాలెట్‌తో పాటు తిరిగిపోతే కాలెట్‌ది. ఈ పరీక్ష అతనికి నేర్పింది నథానియేలే. జక్కయ్య చుక్క పెట్టాడు, అర చుట్టు తిప్పాడు, బిగించాడు. ఎత్తు తిరిగిపోయింది. పావు చుట్టు తిప్పాడు. మళ్లీ దాని వెంటే పోయింది. ఎటు తిప్పినా ముల్లు సిలువ గీతల్ని పట్టుకునే లేస్తోంది. కాలెట్ తీసి, కళ్లు మూసుకుని ఏటవాలు మీద గోరుతో నెమ్మదిగా గీశాడు. సిలువ దగ్గర గోరుకు తగిలీ తగలనట్టు ఒక గరుకు అంచు తగిలింది.

గీత గీస్తే లోహం లోపలికి పోవడమే కాదు, పక్కలకు ఉబుకుతుంది, ఆ ఉబ్బే కాలెట్‌ను గూట్లో ఒక పక్కకు నెట్టేస్తోంది. ఐటీఐ మొదటి ఏడాది పిల్లలకు తెలిసిన సంగతి ఇది. జక్కయ్యకు తెలియదా? ఇదే తప్పు చేసినందుకు ఎంతమందిని తిట్టాడో లెక్కలేదు. పట్టీ మీద చెక్కాక ఆ అంచును గీకందే ఏ పట్టీనీ బయటికి పంపడు. కానీ కాలెట్ల మీద చెక్కిన ఆ మధ్యాహ్నం అతను కాలెట్ వైపు చూడలేదు. తలుపు వైపు చూస్తూ చెక్కాడు, ఎవరైనా వస్తారేమోనని. షెడ్డులో అందరినీ అనుమానించినవాడు తన చేతిని మాత్రం అనుమానించలేదు.

సిగ్గు వేసింది. భయం కూడా వేసింది. ముందు భయమే గెలిచింది. సానరాయి తీసి, నూనె చుక్క వేసి, సిలువ మీద మెత్తగా నాలుగు రుద్దులు రుద్దాడు. గీత మిగిలింది, అంచు పోయింది. డయల్ నాలుగు చూపింది. సొరుగులోవన్నీ ఒకటొకటిగా రుద్దాడు. శుక్రవారం పగలంతా, శనివారం మధ్యాహ్నం దాకా మెషిన్ ఆగలేదు. ఒక్క డ్రిల్లూ విరగలేదు.

శనివారం ఐదు వందల పట్టీలు పెట్టెల్లో సర్దుకున్నాయి. ఆహూజా వచ్చి చూసి జక్కయ్య వీపు తట్టాడు. నువ్వు చెప్పిందే నిజమైంది, మనిషి పోయాడు, తెగులూ పోయింది, సోమవారం అతని హిసాబ్ చేసి, లెక్క తేల్చి పంపించేస్తా అన్నాడు. జక్కయ్య నోరు తెరిచాడు. ఆహూజా అప్పటికే ఫోనులో పార్టీతో మాట్లాడుతూ కారు వైపు నడుస్తున్నాడు. పిలిస్తే వినబడే దూరమే. జక్కయ్య పిలవలేదు.

ఇది ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ఇక నోరు మూసుకుంటే చాలు. సిలువల సంగతి ఎవరికీ తెలియదు. గురు, శుక్రవారాల్లో విరిగినవి అతను పోతూ పోతూ పాడుచేసిన కాలెట్ల వల్లేనంటే సరి, నథానియేలు వెళ్లాకే డ్రిల్లులు విరగడం ఆగిందని పుస్తకమే సాక్ష్యం చెబుతుంది. పుస్తకాన్ని ఎవరు కాదంటారు? ఇంటికి వెళ్తూ మెట్రోలో నిలబడి జక్కయ్య ఇదంతా ఆలోచించాడు. క్యారియర్ చేతిలో ఉంది, పై గిన్నెలో డయల్ గేజ్. ఓఖ్లా గేటు దగ్గర తన అన్నం కెలికినవాళ్లలో ఒకడికైనా ఆ తర్వాత నిజం తెలిసే ఉంటుంది. వాడు కూడా ఇలాగే ఇంటికి వెళ్లి ఉంటాడు. బదర్‌పూర్ స్టేషన్‌లో దిగేసరికి జక్కయ్యకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం పొద్దున సరళకుమారితో విషయం చెప్పాడు. ఆమె ఒక్క మాటా అనకుండా అతని చొక్కా ఇస్త్రీ చేసి చేతికిచ్చింది. ఆరాధన మూడింటికి. జక్కయ్య పదకొండింటికే మీఠాపూర్‌లో నథానియేలు ఇంటి ముందున్నాడు. జేబులో సానరాయి తగలని కాలెట్ ఒకటి ఉంది. శుక్రవారం మొదట సీలు తీసినది. దాన్ని రుద్దకుండా ఎందుకు దాచాడో అప్పటికి అతనికే తెలియదు.

నథానియేలు లోపలికి రమ్మన్నాడు. కుర్చీ వేశాడు. జక్కయ్య కూర్చోలేదు. కాలెట్ తీసి అతని చేతిలో పెట్టి, గోరుతో చూడన్నా అన్నాడు. నథానియేలు కళ్లజోడు వెతుక్కోలేదు. గోరుతో ఒకసారి గీశాడు, తల ఊపాడు.

"నేను చెక్కిందే," అన్నాడు జక్కయ్య. "నువ్వు మారుస్తన్నావని. దీనివల్లే విరిగినయ్యి. నీ తప్పేం లేదన్నా."

"చెక్కింది నువ్వేనని నాకు తెలుసు. మర్నాడే చూశా. సిలువ నువ్వు గాక ఆహూజా చెక్కుతాడా?" నథానియేలు కాలెట్‌ను అరచేతిలో దొర్లించాడు. "ఎందుకు చెక్కావో గూడా అర్థమైంది. అందుకే నీయి ముట్టుకోలా. నా పాతయ్యి మూడు ఉంటే వాటితోనే నడిపా."

"అందుకేనా నీ షిఫ్టులో..."

"అందుకే. ముందు వారం విరిగినయ్యి మాత్రం డ్రిల్లుల ప్యాకెట్టు మంచిది కాక. నాకూ నాలుగు విరిగినయ్యి. ఆ ప్యాకెట్టు అయిపోయాకగానీ సంగతి తేలలా, టీ కాడ చెబుదామనుకున్నా. నువ్వు రాలా."

జక్కయ్య అప్పుడే అక్కడే ఆహూజాకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, గల్తీ మేరీ థీ సాబ్, తప్పు నాదే అని మొదలుపెట్టి పూర్తిగా చెప్పాడు, పెట్టె వెతికిన సంగతి తప్ప. ఆహూజా అంతా విని, ఇంత పాత కారీగర్‌వి, పని తెలిసినవాడివి, నువ్వా ఈ పని చేసింది అన్నాడు. షిఫ్టు పుస్తకంలో నీ చేత్తోనే ఈ సంగతి రాయి, రేపు ఇద్దరూ రండి అని పెట్టేశాడు. నథానియేలు భార్య అన్నమ్మ లోపలినుంచి టీ తెచ్చింది. ఇద్దరూ తాగారు. ఆ మధ్యాహ్నం ప్రభువు బల్ల దగ్గరకు జక్కయ్య వెళ్లాడు. రొట్టె నోట్లో పెట్టుకుంటే ఏడుపొచ్చింది.

సోమవారం రెండింటికి నథానియేలు వచ్చాడు. గేటు దగ్గర బెంచీ మీద రెండు గ్లాసులు చెప్పాడు. డ్రిల్లు ఎన్ని చిల్లులు పొడిచిందో, డయల్ ఎంత చూపిందో జక్కయ్య చెబితే ఎప్పట్లాగే విన్నాడు. ఎండల గురించి రెండు మాటలు మాట్లాడాడు. అంతా మునుపటిలాగే అయిపోయిందని జక్కయ్య గుండె కుదుటపడింది. క్యారియర్ తీసుకుని బయల్దేరబోతూ షెడ్డు తలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూశాడు.

నథానియేలు తన పెట్టె దగ్గర వంగి ఉన్నాడు. అడుగునున్న గుడ్డను చేతిలోకి తీసుకుని, దాని మడతను కాసేపు చూశాడు. అది అతని మడత కాదు. గుడ్డ మళ్లీ లోపల పెట్టి, మూత పూర్తిగా దించాడు. మళ్లీ బయటికెళ్లి గేటు పక్క దుకాణం నుంచి పది నిమిషాల్లో తిరిగొచ్చాడు, జక్కయ్య అప్పటిదాకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. వచ్చి, చేతిలో ఉన్న చిన్న ఇత్తడి తాళం పెట్టెకు వేసి, సరిగా పడిందో లేదో ఒకసారి లాగి చూశాడు.

ఆ లాగి చూడటం జక్కయ్యది. ఇరవై మూడేళ్లలో నథానియేలు అలా చెయ్యడం అతను ఎప్పుడూ చూడలేదు.